స్క్రిప్టు పక్కన పెట్టండమ్మా

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: గుంటూరు బ్రాడీపేట. మా వాడికి పదకొండేళ్లండి. బేస్‌బాల్ పిచ్చి.

వ్యాఖ్యాత: అంబటి రాయుడు పుట్టిన ఊళ్లో బేస్‌బాలా!

శ్రోత: అదేనండి. అమెరికాలో ఆడే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒటానీ అంటే ప్రాణం. లాస్ ఏంజెలెస్‌లో రాత్రి మ్యాచ్ మనకు పొద్దున్నే కదా, స్కూల్ ఆటో హారన్ కొట్టేదాకా ఫోన్ వదలడు. ఇప్పుడు అమెరికాలో పిల్లల ఫ్యాన్ క్లబ్ పోటీ ఒకటి వచ్చింది, ఒక్క నిమిషం వీడియో పంపాలి. మా ఆయన ఎవరితోనో ఇంగ్లీషు స్క్రిప్టు రాయించారు. అది బట్టీ పట్టలేక వీడికి ఒకటే టెన్షన్.

వ్యాఖ్యాత: బాబుకి ఫోన్ ఇవ్వండి. నాన్నా, ఒటానీ ఏం చేశాడు?

బాబు: 2024లో 54 హోమ్ రన్లు కొట్టాడు అంకుల్, అవి మన సిక్సర్ల లాంటివి. 59 బేసులు దొంగిలించాడు! ఒకే సీజన్లో రెండూ 50 దాటించింది అతనొక్కడే.

వ్యాఖ్యాత: దొంగతనానికి రికార్డా?

బాబు: బేసులంటే పరుగు తీసేటప్పుడు తాకాల్సిన మూలలు. పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, బంతి వేసే సందులో ఒక బేసు నుంచి పక్క బేసుకి పరిగెత్తేయడం. 90 అడుగులు! నేను స్కోరు కూడా రాస్తా. కొట్టాల్సిన బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్. మూడు స్ట్రైకులకు అవుటైతే ‘కె’ వేయాలి. మూడోదానికి బ్యాట్ ఊపకుండా నిలబడిపోతే ఆ ఇంగ్లీషు అక్షరాన్ని అద్దంలోలా తిప్పి వేయాలి.

వ్యాఖ్యాత: ఎందులో రాస్తావు?

బాబు: లెక్కల నోట్‌బుక్ వెనకాల... అమ్మకి తెలీదు.

శ్రోత: ఇప్పుడు తెలిసింది!

వ్యాఖ్యాత: తిట్టకండమ్మా, మీ వీడియో అదే. ఆ పేజీ చూపిస్తూ ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పమనండి. ఇంగ్లీషే కావాలంటే బాబుకొచ్చిన ఇంగ్లీషు చాలు. ముందు ఇంట్లో ఆట తెలియని పెద్దవాళ్లకు చెప్పించండి, వాళ్లకు అర్థంకాని చోట సరిచేసుకుంటాడు.

మీ పని వేరే ఉంది. నిబంధనలు ఇవాళే చదవండి. అమెరికా పోటీలు చాలావరకు అక్కడుండే పిల్లలకే పెడతారు, బాబు ఆశపడకముందే మనకు వీలుందో లేదో చూడాలి. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్లో తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అక్కడ చట్టముంది. అందుకని ఫారం మీరే నింపండి. స్కూల్ బ్యాడ్జీ, ఇంటి నంబరు వీడియోలో పడనివ్వకండి.

శ్రోత: ఓటింగు కూడా ఉందండి. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టనా?

వ్యాఖ్యాత: ఒక్కసారి పెట్టండి. రోజూ పెడితే మ్యూట్ చేసేస్తారు. ఓటు పేరుతో ఎవరైనా ఓటీపీ అడిగితే మాత్రం చెప్పొద్దు.

శ్రోత: మరి మా ఆయనతో ఏమనాలి?

వ్యాఖ్యాత: ఫోన్ కదలకుండా పట్టుకునే డ్యూటీ ఆయనకివ్వండి. లైన్లో విజయవాడ నుంచి ఇంకొకరున్నారు, చెప్పండి సార్...