పండగ రోజు షట్టర్ ఎవరు దించాలి?

నమస్తే అండి. ముందు ఒక పాత కథతో మొదలుపెడతాను.

1939లో అమెరికాలో పెద్ద షాపుల వాళ్ళు ప్రెసిడెంట్ రూజ్వెల్ట్‌ని ఒక కోరిక కోరారు. థాంక్స్ గివింగ్ పండగని (ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పండగ అది) ఒక వారం ముందుకి జరపమని. జోక్ కాదు, నిజంగానే అడిగారు. అప్పట్లో థాంక్స్ గివింగ్ అంటే నవంబర్ చివరి గురువారం. ఆ ఏడు నవంబర్‌లో ఐదు గురువారాలు వచ్చాయి, చివరిది 30వ తేదీన పడింది. థాంక్స్ గివింగ్ అవ్వకముందే క్రిస్మస్ సరుకు గురించి ఊదరగొట్టడం ఆ రోజుల్లో బాగోదనుకునేవారు. అంటే అమ్ముకునే రోజులు తగ్గిపోతున్నాయని వాళ్ళ టెన్షన్. రూజ్వెల్ట్ సరేనన్నాడు. పండగ 23వ తేదీకి మారింది.

దేశం రెండుగా చీలింది. 23 రాష్ట్రాలు కొత్త తేదీకి చేసుకున్నాయి, 22 రాష్ట్రాలు పాత తేదీనే పట్టుకున్నాయి. టెక్సస్, కొలరాడో, మిసిసిపీ మాత్రం ఎందుకొచ్చిన గొడవ అని రెండు రోజులూ చేసేశాయి. పంచాంగాల తేడాతో పండగ రెండు రోజులు రావడం మనకి అలవాటే. వాళ్ళకి అమ్మకాల వల్ల వచ్చింది! చివరికి 1941లో చట్టం చేసి, నవంబర్ నాలుగో గురువారం అని ఖాయం చేశారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "అయ్యో, పవిత్రమైన పండగలోకి వ్యాపారం దూరింది" అనే వాదన నా దగ్గర లేదు. వ్యాపారం మొదటి నుంచీ ఉంది. టీవీలో జనం కూర్చుని చూసే న్యూయార్క్ పరేడ్ కూడా మేసీస్ అనే షాపు వాళ్ళు 1924లో మొదలుపెట్టిందే. నా గొడవ వేరే. ఆ రోజు షాపు తెరవాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తున్నారు? కౌంటర్ వెనక నిలబడే మనిషికి అందులో మాట ఉందా?

పదేళ్ళ పాటు ఇది ఎలా నడిచిందో చూడండి. థాంక్స్ గివింగ్ మర్నాడు పెద్ద డిస్కౌంట్లతో అమ్మే రోజుని బ్లాక్ ఫ్రైడే అంటారు. పేరులోనే ఉంది, శుక్రవారం. తెల్లవారుజామున తెరిచేవారు. 2011లో టార్గెట్, మేసీస్, బెస్ట్ బై అనే పెద్ద షాపులు గురువారం అర్ధరాత్రికే తలుపులు తీశాయి. వాల్‌మార్ట్ ఇంకా ముందుకెళ్ళి రాత్రి 10కి డీల్స్ మొదలుపెట్టింది. 2012లో వాల్‌మార్ట్ 8 గంటలకి వచ్చింది, టార్గెట్ 9కి. 2013లో వాల్‌మార్ట్ సాయంత్రం 6కి. కేమార్ట్ అయితే అదే ఏడాది పండగ రోజు పొద్దున్న 6కే తెరిచింది. మేసీస్ 2013లో రాత్రి 8, తర్వాతి ఏడాది సాయంత్రం 6, 2016కి సాయంత్రం 5. ఐదింటికి షాపు తెరవాలంటే స్టాఫ్ అంతకంటే ముందే రావాలి కదా. ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళకి ఆ మనిషి బ్యాడ్జ్ పెట్టుకుని బయలుదేరాలి.

ఇందులో ఏ ఒక్క కంపెనీనీ విలన్‌ని చెయ్యడం నాకు ఇష్టం లేదు. పక్కవాడు 8కి తెరిస్తే, 12కి తెరిచేవాడి దగ్గరకి ఖాళీ పర్సులతో వస్తారు జనం. అందుకని వీడు 7 అంటాడు. దాంతో వాడు 6 అంటాడు. ఇంత చేస్తే కొనేవాళ్ళ జేబులో డబ్బు పెరిగిందా? లేదు. టీవీ కొనాలనుకున్నవాడు ఒక టీవీయే కొంటాడు. శుక్రవారం కొనేది గురువారం కొంటాడు, అంతే. అమ్మకం ఒక రోజు ముందుకి జరగడానికి లక్షల మంది పండగ పోయింది. ఈ పోటీలోంచి ఒక్కడే బయటికి రావడం కష్టం. అందరూ కలిసి ఆగితేనే ఎవరికీ నష్టం ఉండదు. కానీ అందరూ కలిసి తమంతట తాము ఆగరు.

2011లో ఒమాహా అనే ఊళ్ళో టార్గెట్‌లో పనిచేసే ఒక ఉద్యోగి, అర్ధరాత్రి తెరవొద్దని ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టాడు. దాదాపు 2 లక్షల సంతకాలు వచ్చాయి. ఏం జరిగింది? ఆ ఏడు అర్ధరాత్రే తెరిచారు. తర్వాతి ఏడు ఇంకో మూడు గంటలు ముందుకి జరిపారు.

ఇక్కడ కంపెనీలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. "మేం ఎవర్నీ బలవంతం చెయ్యట్లేదు. ఇష్టమున్నవాళ్ళే వస్తారు." వినడానికి బాగుంటుంది. గంటల లెక్కన జీతం తీసుకునే పని చేసినవాళ్ళెవరినైనా అడగండి. వచ్చే వారం మీకు 30 గంటలు ఇవ్వాలా, 12 ఇవ్వాలా అన్నది షెడ్యూల్ వేసే మేనేజర్ చేతిలో ఉంటుంది. అలాంటాయన నవ్వుతూ వచ్చి "గురువారం రాగలవా?" అంటే, "రాలేను" అని ఎంతమంది అనగలరు? సీజనల్‌గా చేరినవాళ్ళ సంగతి సరేసరి, జనవరిలో ఉంచుతారో తీసేస్తారో తెలియదు. ఇక్కడ "ఇష్టం" అంటే కాగితం మీద ఇష్టం.

ఇంకో విషయం, మన వాళ్ళు కొత్తగా వచ్చినప్పుడు నమ్మరు. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగికి పండగ రోజు జీతంతో సెలవు ఇచ్చి తీరాలని దేశం మొత్తానికి వర్తించే చట్టమే లేదు. పండగ రోజు పనికి డబుల్ ఇవ్వాలని కూడా లేదు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఓవర్‌టైమ్, అది ఏ వారమైనా ఒకటే. కంపెనీ తన పాలసీ ప్రకారం ఎక్కువ ఇస్తే అది కంపెనీ దయ. రోడ్ ఐలాండ్ లాంటి రాష్ట్రం ఒకటీ అరా సొంతంగా రూల్ పెట్టుకుంది.

అందుకే, ఆ రోజు పెద్ద షాపులు మూసేలా చట్టం ఉండాలంటాను. సరే, అవతలి వాదన కూడా వినాలి. నర్సులు పనిచేస్తున్నారు, ఫైర్ వాళ్ళు పనిచేస్తున్నారు, షాపు వాళ్ళకేంటి అంటారు. గుండెపోటు శుక్రవారం దాకా ఆగదు. 55 అంగుళాల టీవీ ఆగుతుంది. ఈ వాదన మీద ఇంతకంటే టైమ్ పెట్టను.

కాస్త గట్టి వాదన ఇంకోటి ఉంది. "నాకు ఇక్కడ కుటుంబం లేదు, ఇది నా పండగ కాదు, ఆ రోజు పనిచేస్తే నాలుగు డబ్బులు వస్తాయి, మీరెవరు ఆపడానికి?" మన వాళ్ళలో ఈ మాట అనేవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. పైగా థాంక్స్ గివింగ్‌కి షట్టర్ దించే చట్టం దీపావళికి దించదు కదా.

దీనికి దగ్గరి ప్రశ్న ఒకటి 1961లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మెక్‌గోవన్ వర్సెస్ మేరీల్యాండ్. ఆదివారం అమ్మకూడని సరుకు అమ్మారని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉద్యోగులు ఏడుగురి మీద కేసు. ఏం అమ్మారయ్యా అంటే ఒక ఫైల్ బైండర్, ఒక డబ్బా ఫ్లోర్ వ్యాక్స్, ఒక స్టేప్లర్, పిన్నులు, ఒక బొమ్మ సబ్‌మెరైన్! ఆదివారం మూయడం మతాన్ని రుద్దడమే అని వాళ్ళ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. మొదట్లో మతం నుంచే పుట్టినా, ఇప్పుడది అందరికీ ఒకే విశ్రాంతి రోజు ఇవ్వడానికి ఉన్న చట్టం అంది. నాకు ఆ తీర్పులో సగం నచ్చింది. ఒకే రోజు అందరికీ ఖాళీ ఉంటేనే అన్నయ్య, పెద్దమ్మ, స్నేహితుడు ఒకచోట కలుస్తారు. తలా ఒక మంగళవారం సెలవిస్తే కలవరు. కానీ ఆ కేసులో జరిమానా పడింది ఎవరికండీ? కౌంటర్ దగ్గర నిలబడి అమ్మిన ఉద్యోగులకి. మనిషికి 5 డాలర్లు. తెరవమన్నది వాళ్ళా? ఇలాంటి చట్టం పెడితే దెబ్బ కంపెనీకి తగలాలి.

మసాచుసెట్స్, మెయిన్, రోడ్ ఐలాండ్... ఈ మూడు రాష్ట్రాల్లో థాంక్స్ గివింగ్ రోజు పెద్ద షాపులు తెరవకూడదు. మెయిన్‌లో కొలత కూడా ఉంది. మామూలు షాపు 5,000 చదరపు అడుగుల లోపు ఉంటే తెరుచుకోవచ్చు. ఇంగ్లండ్‌లో కూడా 2004 చట్టం ప్రకారం, 280 చదరపు మీటర్లు దాటిన షాపులు క్రిస్మస్ రోజు మూసేయాలి. ఈ పద్ధతి నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. భార్యాభర్తలు నడుపుకునే చిన్న కొట్టు, వాళ్ళ పండగ వాళ్ళ ఇష్టం. వాళ్ళని ఎవరూ షెడ్యూల్‌లో వెయ్యలేదు. మందుల షాపు, పెట్రోల్ బంకు జోలికి వెళ్ళక్కర్లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. మసాచుసెట్స్ మూసేస్తే పక్కనే న్యూ హాంప్‌షైర్ ఉంది, అక్కడ ఆ నిషేధం లేదు, సేల్స్ టాక్స్ కూడా లేదు. కారెక్కి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళారు. రాష్ట్రం వారీగా పెడితే ఇలాంటి లొసుగులు ఉంటాయి. అయినా మసాచుసెట్స్‌లో షాపులు దివాలా తీయలేదు. గురువారం అర్ధరాత్రి దాటాక తెరుచుకున్నాయి.

తర్వాత 2020 వచ్చింది. కోవిడ్ ఏడాది. జూలైలోనే వాల్‌మార్ట్ ఈసారి థాంక్స్ గివింగ్ రోజు మూస్తామంది, టార్గెట్ కూడా అదే దారి పట్టింది. 2021లో టార్గెట్ ఇక శాశ్వతంగా అంతే అని చెప్పేసింది. 2 లక్షల సంతకాలు చెయ్యలేని పని ఒక వైరస్ చేసింది! మంచిదే. కానీ ఇది కంపెనీలు తీసుకున్న నిర్ణయం, అవే మార్చుకోవచ్చు కూడా. ఒక ఏడాది లాభాలు తగ్గి, కొత్త సీఈఓ వచ్చి, పక్కవాడి కంటే రెండు గంటలు ముందు తెరుద్దాం అన్నాడంటే, మళ్ళీ 2011 మొదలు. అందుకే చట్టంలో రాసి ఉండాలంటాను.

రాస్తే ఇంకో చోట కూడా చూసి రాయాలి. షాపు తలుపు మూసి ఉంటుంది, యాప్ తెరిచే ఉంటుంది. భోజనం అయ్యాక సోఫాలో పడుకుని ఫోన్‌లో ఆర్డర్ పెడతాం. సర్వర్‌కి పండగ లేదు, పర్లేదు. కానీ ఆ ఆర్డర్‌ని అదే రాత్రి గోడౌన్‌లో తీసి, డబ్బాలో పెట్టి, టేప్ వేసే మనిషి సంగతి? షాపుల గురించి పాతకాలంలో రాసిన చట్టాలకి ఆ మనిషి కనపడడు, ఎందుకంటే అక్కడికి కస్టమర్ రాడు. కొత్తగా రాసేవాళ్ళు గోడౌన్‌ని కూడా అందులో కలపాలి. ఆర్డర్ గురువారం తీసుకోండి, డబ్బులు కూడా గురువారమే కట్ చేసుకోండి. ప్యాకింగ్ శుక్రవారం చెయ్యండి. కొంపలేం మునగవు.