ఈ డే కేర్‌లో పిల్లల్ని చేర్చొచ్చా? నేను చూసినవి

నమస్తే అండీ. ఈ రోజు ఒక డే కేర్ రివ్యూ. లోపాలు కూడా చెప్తాను కాబట్టి పేరు బయటపెట్టడం లేదు.

లోపలికి వెళ్లగానే గోడల నిండా అక్షరాల చార్టులు. తల్లిదండ్రులకు అవి నచ్చుతాయి గానీ, ఏడాది పాపకు వాటితో పనిలేదు. నేను నేరుగా డైపర్లు మార్చే చోటికి వెళ్లాను. అక్కడ పనిచేసే ఆమె పాపతో "కాళ్లు పైకెత్తుదామా?" అని అడిగి, ఒక్క క్షణం ఆగింది. పాప కాళ్లాడించింది. "అబ్బో, నువ్వు రెడీయేనా!" అని నవ్వింది. అయ్యాక తన చేతులతో పాటు పాప చేతులు కూడా కడిగింది. మాటలు వచ్చేది ఇలాగేనండి. పాప ఏదో ఒకటి చేస్తుంది, పెద్దవాళ్లు దానికి బదులిస్తారు, మళ్లీ పాప వంతు. పాలు పట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు రోజంతా ఇది జరిగితే అంతకు మించిన పాఠం లేదు.

అదే గదిలో రెండు విషయాలు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఒక ఉయ్యాలలో నెలల బాబు పక్కన మెత్తటి దిండు ఉంది. ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. దిండ్లు, బొమ్మలు, వదులు దుప్పట్లు ఉండకూడదు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. చెప్పగానే తీసేశారు. కానీ ఎవరో వచ్చి చెప్పేదాకా అది అక్కడ ఉండటమేంటి? రెండోది, ఒకామె ఐదుగురు పసివాళ్లను చూస్తోంది. అమెరికాలో చిన్నపిల్లల చదువు, సంరక్షణకు ప్రమాణాలు పెట్టే ఎన్ఏఈవైసీ అనే సంస్థ ప్రకారం ఒక్కొక్కరికి నలుగురు పసివాళ్లకు మించకూడదు. ముగ్గురు ఒకేసారి ఏడిస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది, పాపం!

ఏడాదిన్నర పిల్లల గదిలో టీవీ నడుస్తోంది. ఆ వయసుకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. తీసేయాల్సిందే.

మూడేళ్ల పిల్లల గది మాత్రం చాలా బాగుంది. ఒక బాబు పెద్ద గ్లాసులో నీళ్లు చిన్న గ్లాసులోకి వంపుతుంటే పొంగిపోయాయి. టీచర్ తిట్టలేదు, గబగబా తుడిచేయలేదు. "ఎందుకు పొంగాయంటావ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది. వాడు రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, "ఇది బుజ్జిది!" అన్నాడు. కొలతల చదువు అక్కడే మొదలైంది. తడి గుడ్డ కూడా వాడే తెచ్చుకున్నాడు.

సిబ్బంది తరచూ మారతారా అని తప్పకుండా అడగండి. పసివాళ్లకు రోజూ అదే ముఖం, అదే గొంతు కావాలి. ఇక్కడ పెద్ద పిల్లల టీచర్లు ఏళ్లుగా ఉన్నారు, పసివాళ్ల గదిలోనే మనుషులు నిలవడం లేదు.

మూడేళ్లు దాటిన పిల్లలైతే టెన్షన్ లేకుండా చేర్చండి. నెలల పిల్లలైతే, ఆ గదిలోకి ఇంకో మనిషి వచ్చేదాకా నేను చేర్చమని చెప్పలేను.