ఒక్క మెతుకు పట్టి చూస్తే
(కొత్త ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, కొత్తగా ఉద్యోగంలో చేరి ఈ శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారాలు. నన్ను పరిచయం చేసిన మిత్రులు నా గురించి అన్నీ మంచి మాటలే చెప్పారు. వారికి కృతజ్ఞతలు. అయితే నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఒక తప్పు ఆ పరిచయంలో లేదు. అది చెప్పడానికే ఈ పిలుపును అందుకొని వచ్చాను.

తొలిచూపులో మనుషుల మీద ఏర్పడే అభిప్రాయాల గురించి మాట్లాడమన్నారు. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు అంటారు. అన్నం విషయంలో అది నిజమే, ఎందుకంటే ఒకే ఎసట్లో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. మనిషి అలా కాదు. పొద్దున ఖాళీ కడుపుతో బల్ల మీద తల వాల్చిన పిల్లవాడు మధ్యాహ్న భోజనం తర్వాత మరో పిల్లవాడు. కొత్త సారు ముందు నోరు విప్పని అమ్మాయే చెట్టుకింద తోటి పిల్లలకు కథలు చెప్పి నవ్విస్తుంది. మనం ఏ గడియలో పట్టి చూశామో ఆ గడియ మాత్రమే మన చేతికి వస్తుంది, కానీ మనం దాన్నే మనిషి అనుకుంటాం.

1946లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక మనిషి గురించి ఆరు మాటలు వినిపించి, అతడు ఎలాంటివాడో చెప్పమన్నారు. కొందరికి తెలివైనవాడు, శ్రమించేవాడు, తొందరపాటు గలవాడు, తప్పులెంచేవాడు, మొండివాడు, అసూయపరుడు అనే వరుసలో వినిపించారు. మరికొందరికి అవే మాటలను చివరి నుంచి మొదటికి వినిపించారు. తెలివితో మొదలైన వరుస విన్నవారికి అతడు కొన్ని లోపాలున్నా సమర్థుడిగా కనిపించాడు. అసూయతో మొదలైన వరుస విన్నవారికి మాత్రం లోపాలే అతడి శక్తిని మింగేసినట్టు కనిపించింది. ముందు చెవిన పడిన మాట వెనక వచ్చిన మాటల అర్థాన్నే మార్చేసింది. మన తరగతి గదిలో జరిగేది కూడా ఇదే. మొదటి రోజున మెప్పించిన పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే జిజ్ఞాస అంటాం, మొదటి రోజున నచ్చని పిల్లవాడు అదే ప్రశ్న వేస్తే పొగరు అంటాం.

2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడోరోవ్ ముఖాల ఫొటోలతో మరో పరిశీలన చేశారు. ఒక ముఖాన్ని సెకనులో పదో వంతు చూపించినా, ఆ మనిషి నమ్మదగినవాడా కాదా, సమర్థుడా కాదా అని జనం తేల్చి చెప్పేశారు. మరికొంత సమయం ఇచ్చినప్పుడు ఆ తీర్పులు పెద్దగా మారలేదు, తీర్పు మీద వారి నమ్మకం మాత్రం పెరిగింది. ఉపాధ్యాయులుగా మనం భయపడవలసింది ఇక్కడే.

నేను రాసుకొచ్చిన కాగితంలో ఇంకా ప్రయోగాలు ఉన్నాయి. వాటిని కాసేపు పక్కన పెడుతున్నాను, ఎందుకంటే నేను చెప్పవలసిన విషయాన్ని వాయిదా వేస్తున్నానని నాకే తెలుస్తోంది.

1991 జూన్ నెల. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో నేను ఏడో తరగతికి గణితం చెబుతున్నాను. బడి తెరిచిన మూడో వారంలో, పాఠం సగంలో ఉండగా, ఒక పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కాకు గుండీలు లేవు, మధ్యలో ఒక పిన్నీసు ఉంది. మేకల కొట్టం వాసన. ఆలస్యం ఎందుకైందని అడిగితే జవాబు చెప్పలేదు. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంతని అడిగితే నేల చూశాడు. నేను చివరి వరుస చూపించి, హాజరు పట్టీలో అతడి పేరు పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకున్నాను. నా లెక్కలో ఆ చుక్కకు మందబుద్ధి అని అర్థం. ఇదంతా ఒక్క నిమిషంలో అయిపోయింది.

త్రైమాసిక పరీక్షలో ఒక లెక్క ఇచ్చాను. 750 రూపాయలకు సంవత్సరానికి 12 శాతం చొప్పున 8 నెలలకు బారువడ్డీ ఎంత? ఆ పిల్లవాడు సూత్రం రాయలేదు, సోపానాలు రాయలేదు, 60 రూపాయలు అని మాత్రం రాశాడు. పక్కవాడిది చూసి రాశాడని నిశ్చయించుకొని, సున్నా వేసి, ఎర్ర సిరాతో కాపీ అని రాశాను. కాగితాలు చూసుకొని తిరిగి ఇచ్చేటప్పుడు అతడు నా బల్ల దగ్గర ఆగి, "సార్, మిత్తి లెక్క నాకొస్తది" అన్నాడు. వెళ్లి కూర్చోమన్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత అతడు బడికి రాలేదు. ఇల్లంతా బొంబాయికి కూలి పనికి పోయిందని పిల్లలు చెప్పారు. ఆ రోజుల్లో పాలమూరు పల్లెల్లో అది వింత వార్త కాదు కనుక నేను హాజరు పట్టీలో పేరు కొట్టేసి ఊరుకున్నాను. ఏప్రిల్‌లో అలమారా సర్దుతుంటే ఆ జవాబు పత్రాల కట్ట చేతికి వచ్చింది. అతడి కాగితం మార్జిన్‌లో, చిన్న అక్షరాలతో, ఏడున్నర ఇంటూ ఎనిమిది అని ఉంది. సంవత్సరానికి 12 శాతమంటే నూటికి నెలకు రూపాయి. ఏడువందల యాభైకి నెలకు ఏడున్నర. ఎనిమిది నెలలకు అరవై. ఇంట్లో అప్పు లెక్కలు వింటూ పెరిగిన పిల్లవాడు చేసే లెక్క అది. కట్టలో వెతికి పక్కవాడి కాగితం తీశాను. అతడు సూత్రం చక్కగా రాసి, నెలలను సంవత్సరాలుగా మార్చడం మరిచిపోయి, 720 రూపాయలని తేల్చాడు. నేను అతడి సోపానాలకు రెండు మార్కులు వేసి ఉన్నాను.

మిత్రులారా, దయచేసి ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ఈ జూన్‌లో మీ తరగతిలో మీరు చుక్క పెట్టిన పిల్లవాడి ముఖం గుర్తు చేసుకోండి. ఆ చుక్క కాగితం మీద ఉండనక్కర లేదు.

చుక్క మంచిదైనా పని చేస్తుంది. రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్‌సన్ 1968లో ప్రచురించిన పరిశీలనలో, ఒక ప్రాథమిక పాఠశాలలో ప్రతి అయిదుగురిలో ఒకరిని గుడ్డిగా ఎంచి, వీరు త్వరలో రాణించబోతున్నారని ఉపాధ్యాయులకు చెప్పారు. సంవత్సరాంతానికి ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల పరీక్ష ఫలితాలు మిగిలినవారి కంటే బాగా పెరిగాయి. ఆ పరిశీలన మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి, ప్రభావం అంత పెద్దది కాదన్నవారూ ఉన్నారు. కానీ ఒకటో తరగతి చెప్పబోయే వారు ఈ గదిలో ఎందరో ఉన్నారు కనుక చెబుతున్నాను.

పిల్లల తల్లిదండ్రుల విషయంలోనూ మనం ముఖం చూసి బొట్టు పెడుతున్నాం. ఇస్త్రీ చొక్కా తండ్రికి కుర్చీ వేస్తాం, చెప్పులు బయట విడిచి వచ్చిన తండ్రిని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడతాం. దీని మీద నాకు ఎంతో కోపం ఉంది, కానీ సమయం లేదు.

చేయగలిగిన పని ఒకటి చెబుతాను. 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్ తన విద్యార్థుల పత్రాలు దిద్దేటప్పుడు, మొదటి జవాబుకు వేసిన మార్కులు రెండో జవాబు మీద తన చూపును మారుస్తున్నాయని గమనించి, అందరి మొదటి జవాబులు దిద్దిన తర్వాతే రెండో జవాబులు తీయడం మొదలుపెట్టారు. నేను 1992 నుంచి పేరున్న భాగాన్ని వెనక్కి మడిచి దిద్దాను. చేతిరాతను మడవలేం, అందమైన చేతిరాత నన్ను చివరిదాకా లొంగదీస్తూనే ఉంది. అందుకే వంకర అక్షరాల కాగితాలను పక్కన తీసిపెట్టి మర్నాడు రెండోసారి చదివేవాణ్ని.

ఆ జవాబు పత్రాన్ని ఈ రోజు వెంట తెచ్చాను. పేరున్న చోటు మడిచి ఈ బల్ల మీద పెడుతున్నాను. టీ తాగడానికి వెళ్లే ముందు ఒక్కొక్కరూ వచ్చి చూడండి. సిరా వెలిసింది కనుక కాస్త వెలుతురుకు పట్టాలి. రెండో పుట, ఎడమ మార్జిన్, కింది నుంచి మూడో గీత.