టీ2లో తెలుపు, ఫ్లెయిర్‌లో మసక

శ్రోతలకు నమస్కారం.

మెదడులో కణితి ఉందని ఎంఆర్ఐలో తేలగానే ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది, ఎంత పెద్దదని. చికిత్సను తేల్చడానికి అదొక్కటే చాలదు. ఆ కణాల జన్యువుల్లో ఏం మారిందో తెలియాలి. 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గ్లయోమాలకు, అంటే మెదడులోని ఆసరా కణాల నుంచి పుట్టే కణితులకు, పేరు పెట్టేటప్పుడు జన్యు మార్పులనూ లెక్కలోకి తీసుకుంటున్నారు. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పున్న ఆస్ట్రోసైటోమా, ఆ మార్పు లేని గ్లయోబ్లాస్టోమా, ఈ రెండు గ్లయోమాలూ 2021 కూర్పు ప్రకారం వేర్వేరు జబ్బులు.

ఈ ఐడీహెచ్ మార్పు జాడ ఒక్కోసారి స్కాన్‌లోనే దొరుకుతుంది. టీ2, ఫ్లెయిర్ అనేవి ఎంఆర్ఐలో బొమ్మ తీసే రెండు పద్ధతులు. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడాలి. టీ2లో నీరున్న చోటల్లా తెల్లగా కనిపిస్తుంది. ఫ్లెయిర్‌లో స్వేచ్ఛగా ఉన్న నీటి సంకేతాన్ని కావాలనే అణచేస్తారు, అందుకే మెదడు చుట్టూ ఉండే ద్రవం అందులో నల్లబడుతుంది. కణితి టీ2లో దాదాపు అంతటా ఒకే తెలుపుగా ఉండి, ఫ్లెయిర్‌లో లోపలంతా మసకబారి, చుట్టూ సన్నటి తెల్లటి అంచు మాత్రం మిగిలిందా? పెద్దవాళ్లలో అయితే అది ఐడీహెచ్ మార్పున్న ఆస్ట్రోసైటోమా అనడానికి చాలా బలమైన ఆధారం. కణాల మధ్య నీటితో నిండిన చిన్న చిన్న ఖాళీలుండటమే దీనికి కారణమని భావిస్తారు.

పొరపాటు జరిగేది ఇక్కడే. కణితిలో ఓ పక్కన తిత్తో, కుళ్లిన భాగమో ఉంటే అదీ ఫ్లెయిర్‌లో నల్లబడుతుంది. దాన్ని ఈ గుర్తుగా లెక్కించకూడదు. పిల్లల్లో వేరే రకం కణితులూ ఇలాగే కనిపించవచ్చు. గుర్తు లేదని ఐడీహెచ్ మార్పు లేదనుకోవడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ఆ మార్పున్న ఎన్నో కణితుల్లో ఇది కనిపించనే కనిపించదు.

గ్లయోమాల్లోనే ఇంకో రకమైన ఆలిగోడెండ్రోగ్లయోమాలో తరచూ సున్నం (కాల్షియం) పేరుకున్న మచ్చలుంటాయి. మామూలు ఎంఆర్ఐ బొమ్మల్లో అవి సరిగా తెలియవు, సీటీలో స్పష్టంగా తెలుస్తాయి. ఇక కీమో మందు ఎంతవరకు పనిచేస్తుందో సూచించే ఎంజీఎంటీ అనే జన్యు గుర్తును స్కాన్ చూసి చెప్పాలని కంప్యూటర్లతో ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. నమ్మదగ్గ ఫలితం రాలేదు, దాన్ని ఆధారం చేసుకుని మందు నిర్ణయించకూడదు.

చివరి మాట కణజాల పరీక్షదే. అక్కడా ఓ మెలిక ఉంది. మామూలుగా వాడే ఐడీహెచ్ రంగు పరీక్ష ఆర్132హెచ్ అనే ఒక్క మార్పునే పట్టుకుంటుంది. అది నెగెటివ్ వచ్చినా, రోగి వయసు 55 లోపు అయితే జన్యువును అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్ పరీక్ష కూడా చేయించమని డాక్టరును తప్పక అడగండి.