పది గెలుపుల పిచర్‌కి సై యంగ్ అవార్డా?

అమెరికా బేస్‌బాల్‌లో నేషనల్, అమెరికన్ అని రెండు లీగ్‌లు, ఒక్కోదాంట్లో ఏటా బెస్ట్ పిచర్‌కి (మన బౌలర్ లాంటివాడికి) ఇచ్చేదే సై యంగ్ అవార్డు. 2018లో న్యూయార్క్ మెట్స్ టీమ్ పిచర్ జేకబ్ డిగ్రామ్ రికార్డు 10 గెలుపులు, 9 ఓటములు. ఇంతవరకే చూస్తే ఎవడో మామూలు పిచర్ అనుకుని స్క్రోల్ చేసేస్తాం. అదే సీజన్‌లో అతని ఈఆర్ఏ 1.70, అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కి (అక్కడ అదొక పూర్తి మ్యాచ్) సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. 269 స్ట్రైకౌట్లు, అంటే ఫీల్డర్ల సాయం లేకుండా తనే బ్యాటర్లని ఔట్ చేసినవి. వరసగా 29 మ్యాచ్‌ల్లో మూడుకు మించి పరుగులివ్వలేదు. మరి పది గెలుపులేంటి? వాళ్ల బ్యాటర్లు కొట్టలేదు, అంతే.

ఈ 'విన్' ఎలా రాస్తారో చెప్తాను, నవ్వొస్తుంది. మొదట దిగిన పిచర్ కనీసం ఐదు ఇన్నింగ్స్ వేయాలి, అతను తప్పుకునేసరికి టీమ్ ముందంజలో ఉండాలి, ఆ ముందంజ చివరిదాకా నిలబడాలి. అంటే తన బ్యాటర్లు కొట్టాలి, తన తర్వాత వచ్చే పిచర్లు చెడగొట్టకూడదు. మన బుమ్రా నాలుగు ఓవర్లలో 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడనుకోండి, బ్యాటింగ్ కుప్పకూలి మ్యాచ్ పోయిందనుకోండి, 'బుమ్రా: ఓటమి 1' అని అతని పేరు మీద ఎవరైనా రాస్తారా? అమెరికాలో వందేళ్లకు పైగా రాస్తూనే ఉన్నారు.

రాసుకుంటే రాసుకున్నారు, దాన్ని బట్టే అవార్డులిస్తేనే చిరాకు. సై యంగ్ అవార్డుకి ఓటేసేది బేస్‌బాల్ రాసే జర్నలిస్టులే. 1987లో నలభై ఏళ్ల నోలన్ రయన్ నేషనల్ లీగ్ మొత్తంలో ఈఆర్ఏలో ఫస్ట్, స్ట్రైకౌట్లలో ఫస్ట్. రికార్డు మాత్రం 8-16, అంటే 8 గెలుపులు, 16 ఓటములు. ఓట్లలో ఐదో స్థానంతో సరిపెట్టారు పెద్దాయనకి. 1990లో అమెరికన్ లీగ్‌లో రోజర్ క్లెమెన్స్ ఈఆర్ఏ 1.93, బాబ్ వెల్చ్‌ది 2.95. వెల్చ్‌కి 27 గెలుపులున్నాయి కాబట్టి అవార్డు వెల్చ్‌కే. ఎవరి కష్టమో, ఎవరి ఖాతాలోనో!

2010లో కొంచెం మారారు. 13-12 రికార్డుతో సియాటిల్ పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్‌కి ఇచ్చారు, 21 గెలుపులున్న సబాథియాని పక్కనపెట్టి. హమ్మయ్య, బుద్ధొచ్చింది అనుకునేలోపు 2016 వచ్చింది. జస్టిన్ వెర్లాండర్‌కి 14 ఫస్ట్ ప్లేస్ ఓట్లు, రిక్ పోర్సెలోకి 8. ఒక్కో ఓటరు ఐదుగురిని వరసగా రాస్తాడు, స్థానాన్ని బట్టి పాయింట్లు. గెలిచింది పోర్సెలో, 137 పాయింట్లతో, వెర్లాండర్‌కి 132. ఎందుకంటే ఇద్దరు ఓటర్లు వెర్లాండర్ పేరు తమ ఐదుగురి లిస్టులో అసలు రాయనేలేదు. ఈఆర్ఏలో, స్ట్రైకౌట్లలో, ఇన్నింగ్స్‌లో వెర్లాండరే ముందున్నాడు. పోర్సెలో దగ్గర ఉన్నది 22-4. వాళ్ల మనసులో ఏముందో నాకు తెలీదు గానీ, ఐదుగురిలో ఒకడిగా కూడా కనపడలేదంటే ఏం చూసినట్టు?

డిగ్రామ్ దగ్గరికొచ్చేసరికి 30 ఫస్ట్ ప్లేస్ ఓట్లలో 29 అతనికే. 2025లో పాల్ స్కీన్స్‌కైతే 10-10తో 30కి 30.

సరే, విన్ గోల వదిలింది, ఇప్పుడు కొత్త గొడవ. ఈఆర్ఏలో కూడా ఫీల్డర్ల చెయ్యి ఉంటుంది కదా, చురుకైన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఉంటే ఔటయ్యే బంతి, లేకపోతే హిట్. అందుకే స్ట్రైకౌట్లు, వాక్‌లు (బంతులు సరిగ్గా వేయక బ్యాటర్‌ని ఊరికే బేస్‌కి పంపడం), హోమ్ రన్‌ల (మన సిక్సర్ లాంటివి) లాంటి పిచర్ చేతిలో ఉన్నవాటితోనే లెక్కేసే ఎఫ్ఐపీ వచ్చింది. బాగానే ఉంది గానీ, ఒక్కో ఇన్నింగ్ ఎంత బాగా వేశాడన్నదే పట్టుకుంటే ఎన్ని ఇన్నింగ్స్ వేశాడన్నది మరుగున పడుతుంది. 2021లో కార్బిన్ బర్న్స్ వేసింది 167 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 2.43. జాక్ వీలర్ వేసింది 213కి పైగా, ఈఆర్ఏ 2.78. ఇద్దరికీ చెరో 12 ఫస్ట్ ప్లేస్ ఓట్లు, పాయింట్ల మీద బర్న్స్ గెలిచాడు.

నాకు ఓటుంటే వీలర్‌కే వేసేవాణ్ణి. ఆ మిగతా నలభై ఆరు ఇన్నింగ్స్ బర్న్స్ టీమ్‌లో ఇంకెవరో వేయాల్సొచ్చింది, వాళ్లు ఇచ్చుకున్న పరుగులు బర్న్స్ లెక్కలోకి రావు. కాదంటారా, కింద కామెంట్లలో తిట్టండి, చదువుతాను.