సెరెస్‌లో నీళ్ళ కోత: ‘ది ఎక్స్‌పాన్స్’ మళ్ళీ చూస్తుంటే

అక్క: నమస్తే. నల్గొండ నుంచి మాట్లాడుతున్నాం. పక్కన మా చిన్నమ్మ కొడుకు, నారాయణపేట నుంచి వచ్చాడు. ఇద్దరం ‘ది ఎక్స్‌పాన్స్’ అనే సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదటి నుంచి మళ్ళీ చూస్తున్నాం. మనుషులు భూమి, మార్స్, వాటి అవతలి గ్రహశకలాల మీద బతికే రోజుల కథ. కథంతా బయటపెట్టేస్తాం కాబట్టి చూడని వాళ్ళు ముందు చూసి రండి. ప్రైమ్ వీడియోలో ఉంది.

తమ్ముడు: ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు. చూసి రమ్మంటే మళ్ళీ వస్తారా అక్కా?

అక్క: వచ్చేవాళ్ళు వస్తారు తియ్యి. నువ్వు చెప్పు, తెలిసిన కథ మళ్ళీ చూస్తే బోర్ కొట్టలేదా?

తమ్ముడు: సగం కొట్టింది. ఈరోస్ అనే గ్రహశకలం స్టేషన్‌లో ఏం జరగబోతోందో తెలుసు కదా, ఇక వేరే లోకం నుంచి వచ్చిన ఆ నీలం రంగు పదార్థాన్ని చూస్తే టెన్షన్ ఎక్కడిది? కానీ ఓడలు మాత్రం ఎన్నిసార్లైనా చూస్తా. వాటిలో అంతస్తులు బిల్డింగులో ఉన్నట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఇంజన్ అడుగున. ఇంజన్ నెడుతున్నంత సేపే కాళ్ళకు నేల ఆనుతుంది. సగం దూరం పోయాక ఓడ వెనక్కి తిరిగి అదే ఇంజన్‌తో బ్రేకు వేస్తుంది. మిగతా షోల్లో ఓడలు విమానాల్లా వంకర్లు తిరుగుతుంటే నాకు నవ్వొస్తుంది.

అక్క: సెరెస్ అనే మరుగుజ్జు గ్రహం స్టేషన్‌లో పోలీసు మిల్లర్ విస్కీ పోసుకునే సీన్ చూశావా? స్టేషన్‌ను గిర్రున తిప్పి బరువు పుట్టిస్తారు కదా, అందుకని ధార నిటారుగా పడదు, పక్కకు వంపు తిరిగి గ్లాసులో పడుతుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు. వాళ్ళకు రోజూ ఉండేదే మరి. అంత నమ్మకం ఉన్న డైరెక్షన్ నాకు ఇష్టం.

తమ్ముడు: నిజం సెరెస్ దగ్గరికి నాసా వాళ్ళ డాన్ నౌక 2015 మార్చిలో చేరింది. షో మొదలైంది అదే ఏడాది డిసెంబరులో. అక్కడ నేల కింద మంచు ఉందని కూడా డాన్ పరిశోధనలోనే తేలింది.

అక్క: అదే నా పాయింటు. మొదటి ఎపిసోడ్ మొదట్లోనే ఒకడు జనాన్ని పోగేసి గొంతు చించుకుంటాడు. సెరెస్ నిండా మంచు ఉండేది, వెయ్యి తరాలకు సరిపోయే నీళ్ళు, భూమి వాళ్ళూ మార్స్ వాళ్ళూ ఊడ్చుకుపోయారు అని. ఇప్పుడేమో శని గ్రహం వలయాల దగ్గర నుంచి మంచుగడ్డలు మోసుకొచ్చే కాంటర్‌బరీ లాంటి ఓడల కోసం ఎదురుచూడాలి. ఎపిసోడ్ అయిపోయేలోపు ఆ కాంటర్‌బరీని పేల్చేస్తారు. ఎవరు పేల్చారు, ఎందుకు పేల్చారు అని మనం కుట్ర వెంట పరుగెత్తుతాం. షో మాత్రం సెరెస్‌ను వదలదు. అక్కడ నీళ్ళకు కోత పెడతారు. డియోగో అని ఒక పోరడు నీళ్ళు దొంగతనం చేస్తూ మిల్లర్‌కు దొరుకుతాడు.

తమ్ముడు: ఇక మర్రిగూడ వస్తుంది చూడండి.

అక్క: వస్తుంది మరి, ఎందుకు రాదు! మా నాయన వాళ్ళది మర్రిగూడ దిక్కు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు. బోరు వేస్తే నీళ్ళు పడేవి, తాగితే ఒళ్ళు పాడయ్యేది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉన్న బావులు ఉండేవి. అది ఎముకల్లో పేరుకుంటుంది. పిల్లల పళ్ళు గారపడతాయి, తర్వాత కాళ్ళు వంగుతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. మా పక్కింటి పెదనాయనను ఎవరైనా పిలిస్తే మెడ తిరిగేది కాదు. రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, నడుము నుంచి మొత్తం మనిషే తిరిగి చూసేవాడు. ఇప్పుడు మిల్లర్ సంగతి చూడు. అనాథగా స్టేషన్‌లో పెరిగాడు, ఎముకలకు చవకరకం మందు ఇచ్చారు, మెడ దగ్గర ఎముక సరిగ్గా అతుక్కోలేదు. వాడి టోపీ స్టైల్ అందరికీ గుర్తుంటుంది. నా కళ్ళు మాత్రం ఈసారి ఆ మెడ మీదే ఉన్నాయి.

తమ్ముడు: నేను ఒప్పుకోను అక్కా. బెల్టర్ల, అంటే గ్రహశకలాల మీద పుట్టి పెరిగినవాళ్ళ, ఎముకలకు కారణం బరువు చాలకపోవడం, మనకు కారణం నీళ్ళు. రెండూ ఒకటెట్లా అవుతాయి?

అక్క: జబ్బు ఒకటని ఎవరన్నారు? భూమిని ఏలే యుఎన్‌లో పెద్ద పదవిలో ఉన్న అవసరాల అనే ఆమె ఒక బెల్టర్‌ను విచారణ చేస్తుంది, గుర్తుందా? వాడిని కొట్టరు, తిట్టరు. కొక్కేలకు వేలాడదీస్తారు, భూమి బరువే వాడిని చంపుతూ ఉంటుంది. ఎక్కడ పుట్టాడో అదే వాడి ఒంటికి శిక్ష. అది నాకు తెలిసిన సంగతే.

తమ్ముడు: సరే, సెరెస్ మీద నది లేదు. మనకు కృష్ణ పక్కనే పోతుంది కదా.

అక్క: అందుకే మనది ఇంకా చిత్రం. సాగర్ ఇదే జిల్లాలో ఉంది. 1955లో నెహ్రూ పునాది వేశాడు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా ఖమ్మం దిక్కు పోయింది. మునుగోడు ఎత్తు మీద ఉంటే నీళ్ళు వాటంతట అవి ఎక్కవు కదా. ఎత్తిపోయాలి, ఎత్తాలంటే ఖర్చు, ఖర్చంటే ఎవరో ఒకరు తలచుకోవాలి. ఈలోపు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టారు. దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు. పేరు టాంజానియా దాకా పోయింది. పైపులో కృష్ణ నీళ్ళు అన్ని ఊళ్ళకూ రావడానికి మాత్రం మిషన్ భగీరథ దాకా ఆగాల్సి వచ్చింది.

తమ్ముడు: మా వైపు నీళ్ళు లేక మనుషులే పోయారు. పాలమూరు నుంచి ముంబైకి ఆర్టీసీ బస్సు ఎందుకు నడుస్తుంది? దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ కనబడతారు, వాళ్ళ చేను మాత్రం ఎండిపోయి ఉంటుంది. అందుకే నాకు డియోగో మామ మాటియో సీన్ మింగుడు పడదు. చిన్న డొక్కు ఓడ, మామా అల్లుళ్ళు పని చేసుకుంటుంటే మార్స్ నేవీ వాళ్ళు ఆపి సతాయిస్తారు. ఆ మామ పిల్లాడికి సూటు తొడిగి బయటికి నెట్టేసి, ఓడను తీసుకెళ్ళి నేవీ ఓడకు గుద్దేస్తాడు. రోసినాంటే ఓడలో తిరిగే హీరోలు ఎవరూ ఆ సీన్‌లో లేరు.

అక్క: అవసరాల గురించి ఒక్క మాట. ఆ చీరలు, ఆ నగలు, ఆ బూతులు! నటి షోరే అగ్దాష్లూ ఇరాన్‌లో పుట్టింది, అయినా మన పెద్దింటి అత్తగారు యుఎన్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె ఉన్న సీన్ ఒక్కటి కూడా దాటేయను.

తమ్ముడు: నాలుగో సీజన్ దాటేద్దామా? ఆ కొత్త గ్రహం మీద కళ్ళకు పురుగు పట్టడం, విషపు పాకుడు జీవులు... సాగదీశారు. అమెజాన్ పెట్టిన డబ్బంతా దుమ్ములో పోసినట్టుంది.

అక్క: అమెజాన్ తీసుకోకపోతే మూడో సీజన్‌తోనే అయిపోయేది. 2018 మేలో సైఫై (Syfy) ఛానల్ ఆపేసింది. అభిమానులు చందాలు వేసుకుని, అమెజాన్ స్టూడియో మీద విమానానికి బ్యానర్ కట్టి తిప్పించారు. ఆ నెలాఖరుకు అమెజాన్ స్థాపకుడు బెజోసే స్వయంగా ప్రకటించాడు. నీళ్ళకు దిక్కులేని కూలీల కథను బతికించింది బెజోస్, నవ్వుకో ఇక. నాలుగో సీజన్ మాత్రం దాటేయొద్దు, బెల్టర్ల తీవ్రవాద నాయకుడు మార్కో ఇనారోస్ వచ్చేది అక్కడే.

తమ్ముడు: మార్కో దగ్గరే నాకు ఇబ్బంది. వాడు చెప్పే ప్రతి అన్యాయం నిజం. ఐదో సీజన్‌లో రాళ్ళను కనబడకుండా చేసి భూమి మీదికి వదులుతాడు, లక్షల మంది పోతారు.

అక్క: నిజం చెప్పేవాడల్లా మనవాడు కాదు తమ్మీ. వాడు బెల్టర్లనూ బతకనివ్వడు. సెరెస్ వదిలి పోయేటప్పుడు సరుకంతా ఎత్తుకుపోయి, అక్కడి జనాన్ని భూమి వాళ్ళ మెడకు తగిలించి పోతాడు.

తమ్ముడు: చివరికి బెల్టర్లకు దొరికిందేమిటి? రవాణా యూనియన్. వాళ్ళ నాయకురాలు డ్రమ్మర్‌ను అధ్యక్షురాలిని చేశారు. వేరే లోకాలకు పోయే రింగుల దారి మీద అధికారం ఇచ్చారు గానీ నీళ్ళ మీద ఎక్కడిచ్చారు?

అక్క: అన్ని ఓడలూ వాళ్ళ చేతి మీదుగా పోవాలి. మంచు ఓడ ఆపాలన్నా, వదలాలన్నా వాళ్ళే.

తమ్ముడు: ఆరో సీజన్ ఆరే ఎపిసోడ్లు, ఆ ముక్క సరిగ్గా చూపించలేదు.

అక్క: దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. వచ్చే వారం రెండో సీజన్, ఈరోస్ దాకా చూసి రండి.