జ్ఞానస్నానం పుస్తకంలో ముత్తాత: స్పానిష్ చర్చి రికార్డు చదవడం ఎలా

నమస్తే అండి. ఈ వీడియోలో మనం ఒక్క పేరా చదవబోతున్నాం. 1806 మార్చి 22న, మెక్సికోలోని వహాకా కొండల్లో ఒక చర్చిలో ఫాదర్ గారు సిరాతో రాసిన పేరా. చదివితే రెండు నిమిషాల పని. కానీ అందులో ఏ మాట ఎందుకు ఉందో తెలిస్తే మెక్సికోలోనే కాదు, స్పెయిన్‌లో, పెరూలో ఏ చర్చి పుస్తకం తెరిచినా దారి తప్పరు.

నేను ఇందులో ఎలా పడ్డానో చెప్పేసి మొదలుపెడతాను. మాది గుంటూరు జిల్లా. మా ఆవిడ పుట్టింది టెక్సస్‌లో. వాళ్ల పెద్దవాళ్లు మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం నుంచి వచ్చారు. మా అమ్మాయిని స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నా వైపు కొమ్మలకు చార్టు సరిపోలేదు, మా పెదనాన్నకు ఒక్క ఫోన్ కొడితే చాలు. వాళ్ల అమ్మ వైపు మాత్రం ముత్తమ్మమ్మ దగ్గర ఆగిపోయింది. అప్పటినుంచి రాత్రి భోజనాలయ్యాక నా పని ఇదే. మా ఇంట్లోనూ చర్చికి వెళ్తారు కాబట్టి విచారణ, మేత్రాసనం, జ్ఞానతల్లి లాంటి మాటలు నాకు కొత్త కాదు. మీకు కొత్తయితే కంగారు పడకండి, జ్ఞానస్నానం అంటే బాప్తిస్మం. జ్ఞానతల్లి అంటే ఆ రోజు బిడ్డకు తల్లిలా బాధ్యత తీసుకునే ఆవిడ. విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి, దాని చుట్టూ ఉన్న ఊళ్లు. మేత్రాసనం అంటే ఒక బిషప్ గారి కింద ఉన్న విచారణలన్నీ.

ఎందుకు చర్చి పుస్తకాలే? 1563లో ట్రెంట్ మహాసభ, అంటే కతోలిక బిషప్పుల పెద్ద సభ, పెళ్లిళ్లకూ జ్ఞానస్నానాలకూ ప్రతి విచారణలో పుస్తకం ఉండాలని నియమం పెట్టింది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ దాన్ని తన రాజ్యమంతటా ఒప్పుకున్నాడు. ప్రభుత్వం జనన నమోదు మొదలుపెట్టిందేమో చాలా ఆలస్యంగా: మెక్సికోలో 1859 చట్టంతో, స్పెయిన్‌లో 1871 నుంచి. అంతకు ముందు పుట్టినవాళ్ల కోసం ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లి లాభం లేదు, చర్చికే వెళ్లాలి.

సరే, పని మొదలుపెడదాం. అందరూ చేసే తప్పు ఏమిటంటే, వెబ్‌సైట్ తెరిచి పేరు కొట్టేయడం. హువాన్ గార్సియా అని కొడితే వచ్చే ఫలితాలు చూసి అక్కడే ల్యాప్‌టాప్ మూసేస్తారు. ముందు కావాల్సింది పేరు కాదు, ఊరు. ఈ పుస్తకాలన్నీ విచారణల వారీగా ఉంటాయి. ఊరు తెలియకపోతే ఏ పుస్తకం తెరవాలో తెలియదు.

ఊరి పేరు అమెరికాలోనే దొరకవచ్చు. పౌరసత్వం కాగితాలు, సరిహద్దు దాటినప్పటి కార్డులు, పెళ్లి లైసెన్సు, మరణ ధృవీకరణ, పాత ప్రార్థన పుస్తకంలో మడిచి పెట్టిన చీటీ, ఏదైనా కావచ్చు. ఒక జాగ్రత్త. ఎవరైనా అడిగితే మనం 'హైదరాబాద్' అనేస్తాం కదా, అసలు ఊరు వంద కిలోమీటర్ల అవతల ఉన్నా సరే. వాళ్లూ అంతే. మా అత్తగారు ఏళ్ల తరబడి 'మాది గ్వాదలహారా' అన్నారు. తీరా చూస్తే అక్కడికి దూరంగా ఉన్న చిన్న ఊరు.

(స్క్రీన్ మీద: ఫ్యామిలీసెర్చ్ కేటలాగ్)

ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ తెరవండి, వంశవృక్షాల కోసం పాత రికార్డులు చూపించే వెబ్‌సైట్. ఉచితమే, ఖాతా ఒకటి పెట్టుకుంటే చాలు. పేరు వెతికే పెట్టెలోకి కాదు, కేటలాగ్‌లోకి వెళ్లి ఊరి పేరుతో వెతకండి. 'చర్చి రికార్డులు' అని ఉన్నచోట నొక్కితే జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలు సంవత్సరాల వారీగా వస్తాయి. పక్కన కెమెరా బొమ్మ ఉంటే పేజీల ఫొటోలు ఇంటి నుంచే చూడవచ్చు. కెమెరా మీద తాళంచెవి ఉంటే కొన్ని పరిమితులు ఉన్నట్టు. అలాంటప్పుడు చాలాసార్లు వాళ్ల కేంద్రానికో, వాళ్లతో ఒప్పందం ఉన్న లైబ్రరీకో వెళ్లి చూడాలి. స్పెయిన్ విషయంలో మరో సంగతి. అక్కడి పుస్తకాలు కొన్ని విచారణల్లోనే ఉన్నాయి, కొన్ని మేత్రాసనం భాండాగారాల్లో ఉన్నాయి, 1936 నుంచి 1939 దాకా జరిగిన అంతర్యుద్ధంలో చాలా తగలబడిపోయాయి. అందుకే మెక్సికోతో మొదలుపెట్టడం తేలిక.

ఇక మన పేరా. తెలుగులో చదువుతాను, వినండి.

'ఇస్త్లాన్‌లోని సాంతో తోమాస్ విచారణ గుడిలో, 1806 మార్చి 22న, బెనీతో పాబ్లోకు విధి ప్రకారం జ్ఞానస్నానం ఇచ్చాను. ఇతడు మర్సెలీనో హువారెస్, బ్రిహిదా గార్సియాల ధర్మ సంతానం. వాళ్లు ఈ విచారణ కిందికి వచ్చే సాన్ పాబ్లో గెలతావ్ ఊరి ఇందియోలు (ఆదివాసులు). తండ్రి వైపు తాత, నానమ్మ: పెద్రో హువారెస్, హుస్తా లోపెస్. తల్లి వైపు: పాబ్లో గార్సియా, మరియా గార్సియా. జ్ఞానతల్లి అపొలోనియా గార్సియా, ఇందియా, ఫ్రాన్సిస్కో గార్సియా భార్య. ఆమె బాధ్యతలు, ఆత్మసంబంధం ఏమిటో ఆమెకు తెలియజేశాను.'

ఆ బిడ్డ ఎవరో కొందరు పట్టేసి ఉంటారు. బెనీతో హువారెస్, తర్వాత మెక్సికో అధ్యక్షుడు. జనన నమోదును చర్చి చేతుల్లోంచి ప్రభుత్వానికి తెచ్చిన 1859 జులై 28 నాటి చట్టం ఆయనదే. ఆయన పుట్టుక గురించి మనకు చెప్తున్నదేమో చర్చి పుస్తకం!

ఇప్పుడు మాట మాట చూద్దాం. బిడ్డకు ఇంటిపేరు రాశారా? లేదు. 'బెనీతో పాబ్లో', అంతే. పాత పుస్తకాల్లో చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. ఇంటిపేరు మనం తండ్రి పేరు నుంచి తీసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, పుస్తకం చివర ఫాదర్ గారు రాసిన అక్షర క్రమం పట్టిక ఉంటే అది చాలాసార్లు ఇంటిపేర్లతో ఉండదు, పిల్లల పేర్లతో ఉంటుంది. హెచ్ అక్షరం కింద హెర్నాందెస్ కోసం వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. బిడ్డ పేరు మొదటి అక్షరం దగ్గర చూడండి. జె కింద హోసేలు, ఎమ్ కింద మరియాలు పేజీలకు పేజీలు ఉంటారు, అది వేరే కష్టం.

బెనీతో అనే పేరే ఎందుకు? ఆయన పుట్టింది మార్చి 21న. అప్పటి చర్చి పంచాంగంలో అది పునీత (అంటే సెయింట్) బెనెడిక్ట్ పండుగ, స్పానిష్‌లో సాన్ బెనీతో. మనం నక్షత్రం చూసి పేరులో మొదటి అక్షరం ఎంచుకున్నట్టు, వాళ్లు ఆ రోజు పునీతుడి పేరు పెట్టడం బాగా ఉండేది. పుట్టిన తేదీ రాయని రికార్డుల్లో ఈ పేరే తేదీకి ఆనవాలు అవుతుంది. ఆనవాలు మాత్రమే, సాక్ష్యం అనుకోకండి.

తేదీ లెక్క మరోలా కూడా దొరుకుతుంది. మెక్సికో స్వాతంత్ర్య పోరాటం మొదలుపెట్టిన ఫాదర్ మిగెల్ ఇదాల్గో రికార్డు చూడండి. 1753 మే 16న జ్ఞానస్నానం, 'ఎనిమిది రోజుల బిడ్డ' అని రాశారు. 16లోంచి 8 తీసేస్తే మే 8. ఆ రోజు పునీత మిగెల్ పండుగ, లెక్క కుదిరింది. అదే రికార్డులో ఆయన తల్లిదండ్రులను 'ఎస్పన్యోలెస్' అన్నారు. అది చూసి స్పెయిన్‌కు టికెట్ కొనకండి. ఇక్కడ ఎస్పన్యోల్ అంటే స్పెయిన్‌లో పుట్టినవాళ్లనే కాదు, ఆ జాతి కింద లెక్కకు వచ్చినవాళ్లు అని. వలసపాలనలో ఫాదర్లు ప్రతి కుటుంబానికీ ఒక జాతి ముద్ర వేసేవారు: ఎస్పన్యోల్, మెస్తీసో (స్పానిష్, ఆదివాసి కలిసినవాళ్లు), ములాతో (ఆఫ్రికా మూలం కలిసినవాళ్లు), ఇందియో. పెద్ద విచారణల్లో పుస్తకాలే వేరువేరుగా ఉండేవి. ఒక పుస్తకంలో మనిషి దొరక్కపోతే రెండో పుస్తకం తెరవండి, ఎందుకంటే అన్నకు ఒక ముద్ర, తమ్ముడికి ఇంకో ముద్ర పడిన కుటుంబాలు ఉన్నాయి. 1822లో ఈ ముద్రలు వేయొద్దని ఉత్తర్వు వచ్చింది. నాకైతే ఆ మాటలు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది, కానీ వెతికేవాడికి అవీ ఆధారాలే.

హువారెస్ దగ్గరికి వద్దాం. ఈ రికార్డు స్పానిష్‌లో ఉంది కదా అని ఆ ఇంట్లో స్పానిష్ మాట్లాడారనుకుంటే పొరపాటు. వాళ్ల భాష జపొతెక్, వహాకా ఆదివాసుల భాష. పన్నెండేళ్ల వయసులో ఆయన వహాకా పట్నానికి నడిచి వెళ్లేనాటికి స్పానిష్ దాదాపు రాదు. మీ స్పానిష్ పూర్వీకుల వెనక ఇంకో భాష ఉండొచ్చు.

'ధర్మ సంతానం' అని నేను చదివిన మాట స్పానిష్‌లో 'ఇహో లెహీతిమో'. పెళ్లయిన దంపతుల బిడ్డ అని. అంటే ఎక్కడో పెళ్లి రికార్డు కూడా ఉండాలి. 'ఇహో నతురాల్' అని ఉంటే తల్లిదండ్రులకు పెళ్లి కాలేదు. 'ఎస్పోసితో' అంటే ఎవరో వదిలి వెళ్లిన బిడ్డ. ఇక్కడ ఒక గుంట ఉంది, నేనూ పడ్డాను. 'నతురాల్ దే' అని వచ్చి దాని వెనక ఊరి పేరు ఉంటే అర్థం వేరు. ఫలానా ఊరివాడు అని, అంతే. మా ఆవిడ ముత్తాతగారిని నేను ఒక సాయంత్రమంతా పెళ్లి కాని తల్లి బిడ్డను చేశాను. మా అత్తగారి ముందు చెప్పలేదు, బతికిపోయాను.

తల్లి పేరు చూడండి. బ్రిహిదా గార్సియా, బ్రిహిదా హువారెస్ కాదు. పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి ఇంటిపేరు వదలరు. మన దగ్గర పాత రికార్డుల్లో అమ్మమ్మల పుట్టింటి పేరు పట్టుకోవడానికి ప్రాణం పోతుంది, ఇక్కడ అది పళ్లెంలో పెట్టి ఇచ్చారు. దీన్ని వాడుకునే కిటుకు ఒకటి చెప్తాను, ఈ వీడియోలో ఇదొక్కటి గుర్తున్నా చాలు. వెతికే పెట్టెలో బిడ్డ పేరు ఖాళీగా వదిలేయండి. తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు మాత్రం ఇవ్వండి. ఆ దంపతుల పిల్లల్లో సూచికకు, అంటే వెబ్‌సైట్‌లో వెతకడానికి చేసిన పేర్ల జాబితాకు, ఎక్కినవాళ్లంతా బయటకు వస్తారు. చిన్నప్పుడే పోయిన పిల్లలు, ఇంట్లో ఎవరూ చెప్పని పిల్లలు కూడా.

జ్ఞానతల్లి అపొలోనియా గార్సియా. తల్లి కూడా గార్సియానే. చెల్లెలా? కావచ్చు. కానీ గార్సియా అనేది ఎంత మామూలు ఇంటిపేరంటే, తల్లి వైపు తాతా గార్సియానే, అమ్మమ్మా గార్సియానే, జ్ఞానతల్లి భర్త కూడా గార్సియానే. పేరు కలిసింది కదా అని చుట్టరికం కలిపేయకండి, నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. అలాగని జ్ఞాన తల్లిదండ్రులను వదిలేయకండి. బిడ్డ తల్లిదండ్రులకూ వాళ్లకూ మధ్య ఏర్పడే బంధాన్ని కొంపద్రాస్గో అంటారు. మనకు పెళ్లితో వియ్యం కలిసినట్టు, వాళ్లకు జ్ఞానస్నానంతో కలుస్తుంది. అదే పేరు మూడు నాలుగు రికార్డుల్లో తిరిగి వస్తుంటే అది దగ్గరి ఇల్లే.

చేతిరాత గురించి చెప్పకపోతే రేపు నన్ను తిడతారు. ఫాదర్లకు కాగితం పొదుపు ఎక్కువ, అన్నీ కుదించి రాస్తారు. మరియాకు 'ఎమ్ ఏ', ఫ్రాన్సిస్కోకు 'ఫ్రాంకో'. నెలల్లో అయితే '7బ్రె' అని ఉంటుంది. ఏడు కదా అని జులై రాసుకున్నాను. తర్వాత లెక్కలేవీ కుదరక మూడు వారాలు టెన్షన్ పడ్డాను. అది సెప్టెంబర్! సప్తలో ఉన్న ఏడే సెప్టెంబర్‌లోనూ ఉంది. అష్ట, నవ, దశ కూడా గుర్తు తెచ్చుకోండి: 8బ్రె అక్టోబర్, 9బ్రె నవంబర్, ఎక్స్ గుర్తు పెట్టి బ్రె అంటే డిసెంబర్. ఇంటిపేర్లకు స్పెల్లింగ్ నిలకడ ఉండదు. హిమేనెస్‌ను జె, జి, ఎక్స్ మూడింటితోనూ రాశారు. బి, వి ఒకటే. హెచ్ పలకదు కాబట్టి ఎగిరిపోతుంది. అనుమానం ఉన్న అక్షరం చోట ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలో తెలియని చోట నక్షత్రం గుర్తు పెట్టి వెతకండి.

(స్క్రీన్ మీద: పేజీ ఎడమ అంచు)

అంచును మర్చిపోకండి. సూచికలు తయారుచేసినవాళ్లు తరచూ అంచులో ఉన్నది వదిలేశారు, అందుకే ఫొటో తెరిచి చూడాలి. 1908 నుంచి ఒక నియమం అమల్లోకి వచ్చింది: మనిషి ఎక్కడ పెళ్లి చేసుకున్నా ఆ కబురు జ్ఞానస్నానం ఇచ్చిన విచారణకు పంపాలి, వాళ్లు పాత పేరా పక్కన రాసుకోవాలి. మా అమ్మాయి ముత్తమ్మమ్మ గారి పేరా పక్కన వేరే సిరాతో ఒకటిన్నర లైను ఉంది. పెళ్లి తేదీ, భర్త పేరు, చర్చి పేరు. ఆ చర్చి టెక్సస్‌లో, మా ఇంటి నుంచి నలభై నిమిషాలు.

ఇక హువారెస్‌లో మిగిలిన పని మీకు. ఇదాల్గో పేరాలో లేని తాత నానమ్మలు ఇక్కడ ఉన్నారు, ఒక్క పేరాలో మూడు తరాలు. మర్సెలీనో, బ్రిహిదాల పెళ్లి రికార్డు కావాలంటే 1806 నుంచి వెనక్కి వెళ్లకండి, ఆయనకు అక్కలు ఉన్నారు, మరియా హోసెఫా, రోసా. బిడ్డ పేరు ఖాళీ వదిలి వెతికి, అందరికంటే పెద్ద బిడ్డను పట్టుకుని, అక్కడి నుంచి ఏడాది ఏడాదిగా వెనక్కి తిప్పండి. పెళ్లి పుస్తకం ఎలా చదవాలో వచ్చే వీడియోలో చూద్దాం, అది దీనికంటే చిక్కు. ఉంటానండి.